కాపు పోయిన ఏడాది

జూన్ 22, శనివారం

వడగళ్లు. పావుగంట సేపు. ఇవాళ ఇంకేమీ రాయలేను.

జూన్ 23, ఆదివారం

ప్రభువు దినం కాబట్టి తోటలోకి వెళ్లలేదు. వెనక గది కిటికీ తెరలు కూడా తీయలేదు. చూస్తే పని చేయాలనిపిస్తుంది, ఇవాళ పని చేయకూడదు. మా ఆయన లేండెర్ట్ మాత్రం కాఫీ తాగుతున్నంతసేపూ ఆ తెర వంకే చూశాడు.

రెండు పూటలా ఆరాధనకి వెళ్లాం. లేండెర్ట్ డీకన్ కదా, ఎప్పటిలాగే కానుక సంచి పట్టుకుని వరసవరసకీ తిరిగాడు. నల్ల సూటు మీద ఒక్క ముడత లేదు. నిన్న వడగళ్లు ఆగిన వెంటనే ఇస్త్రీ చేశాను. చేతులకి ఏదో ఒక పని కావాలి కదా.

చర్చి గేటు దగ్గర ఆల్త్యె పట్టుకుంది. పక్క తోట క్రైన్ భార్య. ఇరవై ఏళ్లుగా వాళ్లింటికీ మా ఇంటికీ ఒక్క కాలవే అడ్డం.

"రీకా, మీకూ బాగా పడ్డాయా? మాకైతే ఒక్క కాయ మంచిది మిగల్లేదు."

"పడ్డాయి. దేవుడు చూసుకుంటాడు."

"చూసుకుంటాడనుకో. అయినా ఏమన్నా కావాలంటే..."

"ఏమీ అక్కర్లేదు" అన్నాను. ఆ ముఖంలో జాలి చూసి నాకు ఒళ్లు మండింది. వాళ్లకేం, వడగళ్లకి ఇన్సూరెన్సు కట్టారు. మా సంఘంలో అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. దేవుడి మీద సగం నమ్మకం, కంపెనీ మీద సగం. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లు.

జూన్ 24, సోమవారం

తోట చూశాం. బేరికాయలు బొటనవేలంత అయ్యాయి, అన్నిటికీ మశూచి పోసినట్టు గుంటలు. కొమ్మల బెరడు కూడా లేచిపోయింది. మామగారు నాటిన పాత చెట్ల దగ్గర లేండెర్ట్ చాలాసేపు నిలబడ్డాడు. నేను పిలవలేదు.

రెండేళ్ల కిందట కోల్డ్ స్టోరేజీ కట్టడానికి తోట తనఖా పెట్టాం. పోయినేడు ధర లేదు. ఈ ఏడు కాయే లేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడడమంటే ఇదే.

రాత్రి భోజనం అయ్యాక లేండెర్ట్ ఎప్పటిలా వాక్యం చదివాడు. చదివి, బైబిలు మూసి, లేచి వెళ్లిపోయాడు. ప్రార్థన చేయలేదు. పెళ్లైన ఇరవై రెండేళ్లలో భోజనం బల్ల దగ్గర ఆయన గొంతెత్తి ప్రార్థన చేయని పూట లేదు. ఫెన్నా నా వంక చూసింది. నాన్న అలసిపోయాడు, పళ్లేలు తియ్యి అన్నాను.

మర్చిపోయుంటాడు.

జూన్ 29, శనివారం

క్రైన్ తోటకి నష్టం లెక్క కట్టేవాళ్లు కారులో వచ్చారు. ఆల్త్యె వాళ్లకి బయట బల్ల వేసి కేకు పెట్టింది. పెళ్లివారొచ్చారనుకోవాలి.

"చూడు ఆ సంబరం! వడగళ్లు పడితే పండగ చేసుకునే కొంపని ఇప్పుడే చూస్తున్నాను" అన్నాను.

లేండెర్ట్ నవ్వలేదు. "ఏప్రిల్‌లో ఆ ఏజెంటు మనింటికీ వచ్చాడు రీకా. నేను కాగితం చదువుతుంటే, మీ నాన్న బతికుంటే ఏమనేవాడు అన్నావు. కాఫీ కూడా ఇవ్వకుండా పంపేశావు."

నాకు గుర్తులేదు. ఇలాంటివి ఎప్పుడూ ఆయనే నిర్ణయిస్తాడు.

ఇవాళ కూడా చదివి, మూసి, లేచాడు.

జూలై 9, మంగళవారం

ఆల్త్యె చిక్కుడుకాయల కూర తెచ్చింది, పెద్ద గిన్నెడు. ఎక్కువైందట. మాకూ కాశాయి అని గుమ్మంలోనే తిప్పి పంపాను. నిజానికి మా చిక్కుడు పాదులు కూడా వడగళ్లకే పోయాయి. కాలవ అవతలి నుంచి ఆవిడకి అది కనబడుతూనే ఉంటుంది. కనబడనీ.

జూలై 14, ఆదివారం

పర్సులో ఉన్నది రేపటి రొట్టెకి. కానుక వేయడానికి లేదు.

మా చర్చిలో కానుక పిడికిట్లోనే ఉంటుంది. మూసిన పిడికిలి సంచిలోకి పెట్టి, లోపల విప్పాలి. ఎవరెంత వేశారో ఎవరికీ తెలియకూడదని పెద్దలు పెట్టిన పద్ధతి. నా చిన్నప్పుడు అమ్మ నా వేళ్లు మడిచి నేర్పింది. ఇవాళ నేను ఉత్త పిడికిలి మూసుకుని కూర్చున్నాను. సంచి పట్టుకుని మా వరసకి వచ్చింది లేండెర్టే. నా చెయ్యి లోపలికి వెళ్లింది, విప్పుకుంది, బయటికి వచ్చింది. ఆయన నా ముఖం చూడలేదు.

ప్రసంగం గర్వం గురించి. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడం నాకు అలవాటు లేదు. ఆల్త్యె వింటే బాగుండునని అటు చూశాను. ఆవిడ పిప్పర్మెంటు బిళ్ల చప్పరిస్తోంది.

ఇంటికి వస్తూ లేండెర్ట్ అన్నాడు, "సంఘ పెద్దలకి చెప్తాను. మన కోసం విజ్ఞాపన చేయమని పాస్టరుగారితో చదివిస్తే..."

"అంటే? పీఠం మీంచి మన పేరా? డీకన్ కుటుంబం అప్పుల్లో ఉంది, ప్రార్థన చేయండి అనా?"

"అందరి పేర్లూ చదువుతారుగా. జబ్బుపడితే చదువుతారు, చనిపోతే చదువుతారు."

"మనకి జబ్బు చేయలేదు. ఎవరూ చనిపోలేదు. దేవుణ్ణి నమ్మి ఇన్సూరెన్సు మానుకున్నవాళ్ల గతి ఇదీ అని లోకం నవ్వుతుంది. దేవుడి నామానికి మచ్చ."

దేవుడి నామం అనేసరికి ఊరుకున్నాడు. మంచిమనిషి. ఆ ఒక్కమాట చాలు, ఊరుకుంటాడు.

జూలై 20, శనివారం

ఫెన్నా బేకరీలో వచ్చిన జీతమంతా బల్ల మీద పెట్టింది. తీసుకోనన్నాను.

"అయితే ఎవరి దగ్గర తీసుకుంటావు?"

"ఎవరి దగ్గరా తీసుకోను. మన కాళ్ల మీద మనం నిలబడాలి."

"అమ్మా, సంగతి దేవుడికి తెలుసు, బ్యాంకుకి తెలుసు, మన ముగ్గురికీ తెలుసు. ఇంకెవరి దగ్గర దాస్తున్నావు?"

"నోరు ముయ్యి."

"నాన్న నోరు మూసుకున్నాడు చాలదా" అంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. చెయ్యెత్తాను, కొట్టలేదు. తర్వాత డబ్బు తీసి డబ్బాలో వేశాను. తీసుకున్నట్టు కాదు, దాచిపెట్టినట్టు.

ఆగస్టు 15, గురువారం

సంఘ పెద్దలు ఇంటికి వచ్చారు. ఏడాదికోసారి వచ్చి ఆత్మ ఎలా ఉందని అడిగే రాక. కోర్నెలిస్‌గారు, ఆయన వెంట ఇంకొకాయన. కోర్నెలిస్‌గారిది మా నాన్న వయసు. ఆయన చెయ్యి వణుకుతుంది కానీ చూపు వణకదు. ఉన్న వెన్నంతా వేసి కేకు చేశాను.

"లేండెర్ట్, ఈ ఏడు కష్టంగా ఉందేమోనయ్యా?"

లేండెర్ట్ నోరు తెరిచాడు. నేను చూశాను, తెరిచాడు.

"అందరికీ ఉన్నదే కదండీ" అన్నాను నేను. "ప్రభువు కృప. ఏ లోటూ లేదు. కేకు తీసుకోండి."

కోర్నెలిస్‌గారు కేకు పళ్లెం పక్కన పెట్టారు. "రీకా, నేను తోట సంగతి అడగట్లేదమ్మా. మీరు ఎలా ఉన్నారని అడుగుతున్నాను."

"బాగున్నామండీ. దీవెనలే."

లేండెర్ట్ నోరు మూసుకున్నాడు. వెళ్లబోతూ కోర్నెలిస్‌గారు, ఇంటి యజమాని ప్రార్థన చేస్తే బాగుంటుందన్నారు. లేండెర్ట్ తల అడ్డంగా ఊపాడు. గొంతు బాగాలేదండీ అని నేనే చెప్పాను. ఆయనే చేసి వెళ్లారు.

బాగానే జరిగింది. ఇల్లు శుభ్రంగా ఉంది. ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఆగస్టు 16

లేండెర్ట్ నాతో మాట్లాడలేదు. తలనొప్పి అయ్యుంటుంది.

ఆగస్టు 17

తలనొప్పి కాదు.

సెప్టెంబరు 10, మంగళవారం

గుంటలు పడ్డ కాయలన్నీ రసం తీసేవాళ్లకి వెళ్లాయి. కిలోకి ఎంత ఇచ్చారో ఇక్కడ కూడా రాయను. కోయడానికి కూలీలని పెట్టుకోలేదు, ముగ్గురమే కోశాం. లారీ వెళ్లాక లేండెర్ట్ ఖాళీ కోల్డ్ స్టోరేజీలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. మిషను ఆపేసి చాలా రోజులైంది, లోపల చల్లగా కూడా ఉండదు. అరగంట పోయాక తలుపు తట్టాను.

"ఏం చేస్తున్నావు?"

"ఏమీ లేదు. ఇక్కడైతే నా గొంతు నాకు వినబడుతుందేమో అని చూశాను."

"ప్రార్థన చేశావా?"

"చేద్దామనుకున్నాను. ప్రభువా అంటే ఆ తర్వాత నువ్వు చెప్పిన మాటే వస్తోంది రీకా. బాగున్నాం, దీవెనలే, ఏ లోటూ లేదు. ఆయన ముందు కూడా అబద్ధమే ఆడాలా?"

సూపు చల్లారిపోతోంది రా అన్నాను.

సెప్టెంబరు 25

నెలాఖరు లోపు కిస్తీ కట్టాలి. దేవుడు ఆఖరి క్షణంలో తలుపు తెరుస్తాడు. ఎన్ని సాక్ష్యాలు వినలేదు! సరిగ్గా ఆ రోజునే ఎవరో డబ్బున్న కవరు తెచ్చి ఇచ్చారని.

సెప్టెంబరు 30

ఎవరూ రాలేదు.

అక్టోబరు 4, శుక్రవారం

బ్యాంకు ఆయన వచ్చాడు. మర్యాదస్తుడు. కాళ్లు తుడుచుకుని లోపలికి వచ్చాడు. వేలానికి పోతే పరువూ పోతుంది, ధరా పోతుంది, మీరే అమ్ముకోండి అన్నాడు. కొనేవాడిని కూడా ఆయనే చూపించాడు. పట్నం మనిషి, చెట్లు తీయించి మొక్కజొన్న వేస్తాడట. తోట ఈ నెలాఖరుకి అప్పగించాలి, ఇల్లు క్రిస్మస్ అయ్యాక.

లేండెర్ట్ సంతకం పెట్టాడు. నేను కూడా పెట్టాలన్నారు. పెట్టాను.

అక్టోబరు 5, శనివారం

ఊరంతా తెలిసిపోయింది. పొద్దున్నే క్రైన్ కాలవ మీది చెక్క దాటి వచ్చాడు. పొలం బూట్లతోనే నేరుగా వంటింట్లోకి వచ్చేశాడు. నేల తుడిచి పది నిమిషాలు కాలేదు.

"ఏంటి లేండెర్ట్ ఇది? నిజమేనా?"

లేండెర్ట్ తలూపాడు.

"నీకు బుద్ధుందా? ఇరవై ఏళ్ల నుంచి పక్కపక్కన ఉన్నాం. ఒక్క మాట చెప్పలేదేం?"

క్రైన్ కుర్చీలో కూలబడ్డాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఆగస్టులో నాకు ఇన్సూరెన్సు డబ్బు వచ్చింది. ఎక్కడైనా తోట కౌలుకి దొరుకుతుందా అని ఊరూరా తిరిగాను. మీ దిగువ తోట అడుగుదామని ఆల్త్యెతో అన్నాను కూడా. అదేమో, వాళ్లకేం లోటు లేదటండీ, కోర్నెలిస్‌గారితో రీకాయే చెప్పిందట, అడిగితే చులకన చేసినట్టుంటుంది అంది. సెప్టెంబర్లో ఏటి అవతల ఇంకొకరి దగ్గర తీసుకున్నాను. ఐదేళ్ల కౌలు ముందే ఇచ్చేశాను. ఐదేళ్లది రా! అదే నీకు ఇచ్చుంటే బ్యాంకువాడు ఇంకో రెండేళ్లు ఆగేవాడు కాదూ?"

"ఆగేవాడు" అన్నాడు లేండెర్ట్.

"ఇప్పుడు నా దగ్గర లేదు. లేదు లేండెర్ట్. ఆగస్టులో ఒక్క మాట అనుంటే."

క్రైన్ ఏడ్చాడు. అంత లావు మనిషి, మోకాలి మీద టోపీ పెట్టుకుని, మా వంటింట్లో మా తోట కోసం ఏడ్చాడు. నేను స్టవ్ దగ్గర నిలబడిపోయాను. లేండెర్ట్ ఒక్కసారి కూడా నా వంక చూడలేదు. చూసి, నీవల్లే అని ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

తలుపు తెరుస్తాడని దేవుడి కోసం ఎదురుచూశాను. తలుపు నేనే బిగించి పట్టుకుని నిలబడ్డాను.

అక్టోబరు 6, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పించాను. ఇంకో అబద్ధం.

అక్టోబరు 29, మంగళవారం

చెట్లు తీసేస్తున్నారు. పొక్లెయిన్‌తో ఒక్కో చెట్టునీ వేళ్లతో సహా పెరికి పక్కన పడేస్తున్నారు. ఎంత సులువుగా వచ్చేస్తున్నాయో! నలభై ఏళ్ల చెట్టు, చప్పుడైనా సరిగ్గా చేయదు. లేండెర్ట్ పొద్దున్నించీ కంచె దగ్గరే ఉన్నాడు. లోపలికి రమ్మంటే, ఎవరో ఒకరు దగ్గరుండాలి కదా అన్నాడు, చావు దగ్గర అన్నట్టే.

నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. "నాదే తప్పు లేండెర్ట్" అన్నాను.

"ఊరుకో."

"దేవుడి నామానికి మచ్చ అన్నాను కదా. దేవుడి నామం కాదు, నా వంటింటి పరువు. ఎవరైనా లోపలికొచ్చి ఖాళీ డబ్బాలు చూస్తారేమోనని. అంతే. దానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను."

"నాకు తెలుసు" అన్నాడు. "నేనూ నీ మాట అడ్డం పెట్టుకున్నాను. నా నోరు నువ్వు కట్టేయలేదు కదా. డీకన్‌గా ఎంతమంది ఇళ్లకి సాయం పట్టుకెళ్లానో! తీసుకునే చెయ్యి ఎలా ఉంటుందో చూశాను. అది నా చెయ్యి కాకూడదనుకున్నాను."

చలిగా ఉంది. చెయ్యి పట్టుకోబోయాను, జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి తీసి ఇచ్చాడు.

నవంబరు 5, మంగళవారం

రేపు కోతల కృతజ్ఞత దినం. షాపులూ బడులూ ఊరంతా మూస్తారు, అందరూ చర్చికి వెళ్తారు. పంట ఇచ్చినందుకు స్తోత్రం చెప్పడానికి.

"నేను రాను" అన్నాను. "దేనికి కృతజ్ఞత? గోతులకా?"

"తెలీదు" అన్నాడు లేండెర్ట్. "నేను సంచి పట్టుకోవాలి, వెళ్లాలి."

ఫెన్నా నా నల్ల కోటుకి బ్రష్షు కొట్టి తలుపు వెనక తగిలించింది.

నవంబరు 6, బుధవారం

అందరికంటే ముందు వెళ్లాను, ఒక్కదాన్నే. పాస్టరుగారూ పెద్దలూ ఆరాధనకి ముందు కూర్చునే పక్క గది తలుపు తట్టాను. ఆడవాళ్లు ఆ తలుపు తట్టరు. కోర్నెలిస్‌గారు తెరిచి, నన్ను చూసి పక్కకి తప్పుకున్నారు. అదృష్టం, లేండెర్ట్ ఇంకా రాలేదు.

"పాస్టరుగారూ, మా పేరు చదవండి."

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "కృతజ్ఞతకా అమ్మా, విజ్ఞాపనకా?"

"ఎందులో పడతామో మీరే చూడండి. మా తోట పోయింది. నా భర్త జూన్ నుంచి ప్రార్థన చేయలేకపోతున్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఆపింది నేను. ఆగస్టులో ఈ కోర్నెలిస్‌గారికి అబద్ధం చెప్పాను. అవన్నీ చదవండి."

"ఆఖరిది కూడా చదవాలా?"

"చదవండి. నేను లేచి చెప్పడానికి మీ పద్ధతి ఒప్పుకోదు కదా."

కోర్నెలిస్‌గారు వణికే చేత్తో నా భుజం తట్టారు. అక్కడే ఏడుపొచ్చేది. పళ్లు బిగబట్టి నా వరసలోకి వచ్చి కూర్చున్నాను.

కీర్తన అయింది. మేం కీర్తనలు ఎంత నెమ్మదిగా పాడతామంటే ఒక్కో అక్షరానికి ఒక ఊపిరి పడుతుంది. ఇవాళ ఇంకా నెమ్మదిగా పాడితే బాగుండుననిపించింది. తర్వాత పాస్టరుగారు పేర్లు చదివారు. బిడ్డ పుట్టినవాళ్లు, ఆపరేషను అయి తిరిగొచ్చినవాళ్లు. ఆ తర్వాత మా పేరు. నేను చెప్పింది చెప్పినట్టే చదివారు, ఒక్క ముక్క వదల్లేదు, ఒక్క ముక్క కలపలేదు.

డీకన్ల బెంచీ ముందువైపు, జనానికి ఎదురుగా ఉంటుంది. లేండెర్ట్ ముఖం నాకు సూటిగా కనబడుతోంది. తన పేరు వినబడగానే ఎవరో వెనక నుంచి పిలిచినట్టు తలెత్తాడు. నన్ను వెతికాడు. దొరికాను.

ప్రార్థనకి మా మగవాళ్లు లేచి నిలబడతారు. బెంచీలు కిర్రుమన్నాయి, అందరూ లేచారు. లేండెర్ట్ లేవలేకపోయాడు. రెండు చేతుల్తో ముఖం కప్పుకుని కూర్చుండిపోయాడు. అంత ఎత్తు మనుషుల మధ్య ఆయనొక్కడే కూర్చుని ఉంటే నాకు గుండె తరుక్కుపోయింది. ఏం చేశాను దేవా, మొగుణ్ణి నలుగురిలో ఇలా కూర్చోబెట్టాను అనుకున్నాను. అప్పుడు ఆయన పక్కనున్న డీకన్ మెల్లగా కూర్చున్నాడు. తర్వాత ఆ పక్కాయన. మూడో వరసలో క్రైన్ కూర్చున్నాడు. మా చర్చిలో మగవాళ్లు కూర్చుని ప్రార్థన చేయడం నేనెన్నడూ చూడలేదు. పాస్టరుగారు కళ్లు తెరిచి చూశారో లేదో తెలియదు, ఆపలేదు.

గేటు దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. ఇంటికి వచ్చేశాం. దారిలో తోట ఉన్నచోట మట్టి మాత్రమే ఉంది. ఎన్ని ప్రార్థనలు చేసినా ఆ చెట్లు లేవవు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నదాన్ని నేను. తోట ఉండగా నేర్చుకోవాల్సింది ఇప్పుడు నేర్చుకున్నాను.

సాయంత్రం తలుపు చప్పుడైంది. కోర్నెలిస్‌గారు. ఆయన వెనక క్రైన్, ఆల్త్యె, ఇద్దరు డీకన్లు, వాళ్ల ఆడవాళ్లు. తలుపు బార్లా తీశాను. ఎవరూ కవరు తేలేదు. ఆల్త్యె ఖాళీ చేతుల్తో గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తెస్తే తిప్పి పంపుతానని భయం కాబోలు, ఆవిడ తప్పేముంది. అందరూ కూర్చున్నాక చూస్తే ఉన్న కుర్చీలు చాలలేదు, కప్పులూ చాలలేదు. మంచివి పోయిన నెలే అమ్మేశాను.

"ఆల్త్యె" అన్నాను. "నాలుగు కప్పులు కావాలి. ఇస్తావా? కొంచెం పంచదార కూడా."

ఆవిడ నా వంక చూసింది. "ఇరవై ఏళ్లకి అడిగావు రీకా" అంది. ఆ వయసులో, ఆ చీకట్లో, కాలవ మీది చెక్క మీద పరిగెత్తుకుంటూ వెళ్లింది. కప్పులే కాదు, బుట్టెడు సరుకులు తెచ్చింది. అన్నీ తీసుకున్నాను.

కాఫీ పోశాను. పాలు, పంచదార అందించాను. కోర్నెలిస్‌గారు ప్రార్థన చేయమని ఈసారి అడగలేదు. అందరూ ఊరికే తలలు వంచారు. అప్పుడు బల్ల చివర నుంచి ప్రార్థనలో లేండెర్ట్ గొంతు వినబడింది, జూన్ తర్వాత మొదటిసారి.

"ప్రభువా" అన్నాడు.

ఆపైన మాట రాలేదు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఎవరూ ఆమెన్ అనలేదు. ఎవరూ అందుకుని పూర్తిచేయలేదు. నేను కూడా ఆయన తరఫున ఏమీ చెప్పలేదు. కాఫీ చల్లారేదాకా అందరం అలాగే ఆగాం.